వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు: తోడు ఎక్కడ దొరుకుతుంది, పరిశోధనలో చేరాలా వద్దా – తరచుగా అడిగే ప్రశ్నలు

మా బాబుకి సెరిబ్రల్ పాల్సీ, అంటే ఎదిగే మెదడుకి దెబ్బ తగలడం వల్ల ఒళ్లు కదలికలు కష్టమయ్యే సమస్య. ఇప్పుడు వాడికి పదమూడేళ్లు. వాడికి రెండేళ్లు ఉన్నప్పటి నుంచీ నేను తల్లిదండ్రుల గ్రూపుల్లో ఉన్నాను, ఈ మధ్యలో రెండు పరిశోధనల్లో చేరాం, ఒకదానికి మాత్రం వద్దని చెప్పి వచ్చేశాం. కొత్తగా వచ్చే అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలు దాదాపు అవే ఉంటాయి కాబట్టి నాకు తెలిసినంతవరకు ఒకచోట రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, ఏ మందు ఎంత వేయాలన్న మాట ఇక్కడ ఎక్కడా ఉండదు. మీకు ఏ ప్రశ్న కావాలో అక్కడికే వెళ్లి చదువుకోండి, వరసగా చదవాల్సిన పనేం లేదు.

మా పాపకి ఉన్న సమస్యకి ఇంకా పేరే పెట్టలేదు. పేరు తెలియకుండా ఏ గ్రూపులో చేరాలి?

చేరండి, పేరు కోసం ఆగకండి. కొంతమంది పిల్లలకి ఏళ్ల తరబడి పరీక్షలు చేసినా ఇదీ అని తేలదు, అంతమాత్రాన వాళ్ల ఇంట్లో కష్టం తేలికైపోదు కదా. జబ్బు పేరుతో ఉండే గ్రూపులు ఒక రకం, అవసరాన్ని బట్టి ఉండేవి ఇంకో రకం. పాప మింగలేకపోతోందా, రాత్రుళ్లు నిద్రపోదా, మాటలు రావా, ఫిట్స్ వస్తాయా, వీల్‌చెయిర్ వాడుతుందా, ఇలా వెతికితే మీకు కావాల్సినవాళ్లు తొందరగా దొరుకుతారు. మాటలు రాని ఆటిజం బాబు తల్లికీ, మాటలు రాని సెరిబ్రల్ పాల్సీ పాప తల్లికీ బొమ్మల కార్డుల గురించి మాట్లాడుకోవడానికి బోలెడు ఉంటుంది.

ఇంకొక మాట. ప్రపంచంలో దాదాపు 24 కోట్ల మంది పిల్లలు ఏదో ఒక వైకల్యంతో ఉన్నారని యూనిసెఫ్ 2021లో లెక్క చెప్పింది, అంటే సుమారుగా ప్రతి పదిమంది పిల్లల్లో ఒకరు. మీ వీధిలో, మీ బిడ్డ వెళ్లే ఆసుపత్రిలో, స్కూల్లో ఎవరో ఒకరు తప్పకుండా ఉండే ఉంటారు, కనపడకపోవడానికి కారణం వాళ్లూ మీలాగే తలుపేసుకుని కూర్చోవడమే కావచ్చు.

డాక్టర్లు, థెరపిస్టులు ఉన్నారుగా. గ్రూపు వల్ల అదనంగా ఏం ఒరుగుతుంది?

మా ఇంట్లో జరిగింది చెప్తాను. బాబుకి మూడేళ్లప్పుడు కాళ్లకి స్ప్లింట్లు, అంటే పాదం సరిగ్గా నిలిపే ప్లాస్టిక్ తొడుగులు, ఇచ్చారు. ఎలా తొడగాలో చూపించారు, రోజుకి ఎన్ని గంటలు ఉంచాలో చెప్పారు, అంతా బాగానే ఉంది. ఇంటికొచ్చాక తొడిగితే చాలు, వాడు ఏడుపు. వారం రోజులు బతిమాలి, బెదిరించి వేశాను, ఆ తర్వాత నాకే ఏడుపొచ్చి పక్కన పడేశాను. గ్రూపులో ఒక అక్క ఫోన్ వీడియోలో వాడి కాలు చూసి, మేజోడు తిరగేసి తొడుగు, లోపల కుట్టు వేలికి గుచ్చుకుంటోంది అంది. అలాగే స్ప్లింట్ తీశాక చర్మం మీద ఎర్ర మచ్చ ఇరవై ముప్ఫై నిమిషాల్లో పోకపోతే అక్కడ నొక్కుతోందని అర్థం, ఫొటో తీసుకుని చేసినవాళ్ల దగ్గరికి వెళ్లు, సరిచేస్తారు అని కూడా చెప్పింది. మేజోడు తిరగేశాను, మడమ దగ్గర మచ్చ ఫొటో పట్టుకెళ్లాను, వాళ్లు ప్లాస్టిక్‌ని కాస్త వేడి చేసి వెడల్పు చేశారు. ఏడుపు ఆగిపోయింది. ఇంత చిన్న సంగతి నాకెవరూ చెప్పలేదు, ఎందుకంటే అది పొద్దున్నే ఆరింటికి ఆ కాలు పట్టుకుని కూర్చున్నవాళ్లకే తెలిసే సంగతి.

డాక్టర్ మనకి ఇచ్చే సమయంలో జబ్బు గురించి మాట్లాడగలం. మిగతా రోజంతా గడవడానికి కావాల్సింది ఇలాంటివాళ్ల దగ్గరే ఉంటుంది.

గ్రూపులో చేరాక టెన్షన్ ఇంకా పెరిగింది. పెద్ద పిల్లల్ని చూస్తే మా బాబు కూడా అలాగే అవుతాడా అని భయమేస్తోంది.

ఈ భయం దాదాపు అందరికీ వస్తుంది, దాన్ని దాచుకోకండి. కానీ ఒకే పేరున్న సమస్య అందరిలోనూ ఒకేలా ఉండదు. సెరిబ్రల్ పాల్సీనే తీసుకోండి, పిల్లలు ఎలా కదులుతున్నారన్న దాన్ని బట్టి అయిదు స్థాయిలుగా చూసే పద్ధతి ఒకటి 1997లో కెనడా పరిశోధకులు తయారు చేశారు, దాన్ని జీఎంఎఫ్‌సీఎస్ అంటారు. మొదటి స్థాయి పిల్లలు నడుస్తారు, మెట్లెక్కుతారు, అయిదో స్థాయి పిల్లలకి మెడ నిలపడానికీ సాయం కావాలి. మీ బిడ్డది ఏ స్థాయో థెరపిస్టుని అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత వేరే పిల్లల్ని చూసినప్పుడు అనవసరమైన భయమూ ఉండదు, అనవసరమైన ఆశా ఉండదు.

ఆ బృందమే ఒంటారియోలో 657 మంది పిల్లలని కొన్నేళ్లపాటు గమనించి, ఏ స్థాయి పిల్లలకి కదలికలు ఏ వయసుకి ఎంతవరకు వస్తాయో గీతలు గీసి 2002లో ప్రచురించింది. మా బాబు నడుస్తాడా అని అడిగితే చూద్దాం అనే మాట తప్ప ఏమీ వినని తల్లిదండ్రులకి అది మొదటిసారి ఒక నిజాయితీ గల జవాబు ఇచ్చింది. ఆ పిల్లలకి ఎవరూ కొత్త మందు ఇవ్వలేదు, సూది వేయలేదు. వాళ్ల ఇంట్లోవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చి కొలతలు తీయనిచ్చారు, అంతే. పరిశోధన అంటే ఇది కూడా అని చెప్పడానికే ఇంత రాశాను.

గ్రూపు లేదు, మేమే మొదలుపెట్టాలి. ఎంతమంది కావాలి?

మూడు కుటుంబాలు చాలు. నెలలో ఒక రోజు ఖాయం చేసుకోండి, ఒక్కరే వచ్చినా ఆ రోజు మానకండి. మొదటి రోజే మూడు కట్టుబాట్లు గట్టిగా పెట్టుకోండి: ఎవరూ ఎవరికీ మందు గానీ డోసు గానీ చెప్పకూడదు, ఇక్కడి పిల్లల ఫొటోలు, వీడియోలు బయటికి పోకూడదు, ఎవరైనా ఏదైనా అమ్మడానికి వస్తే బయటే ఆపాలి. మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ గ్రూపులు ఎక్కువగా పాడయ్యేది దానివల్లే. పెద్ద సంఘం, రిజిస్ట్రేషన్, పదవులు ఇవన్నీ తర్వాత, అవసరమైతేనే.

నాన్నలు రారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల సంగతేంటి?

నాన్నలు గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుందాం అంటే రారు, కుర్చీకి బెల్టు బిగించాలి, ర్యాంపు కట్టాలి అంటే వస్తారు. మా గ్రూపులో అయితే ఇదే జరిగింది. పని మధ్యలో మాటలు అవే వస్తాయి.

తోడబుట్టినవాళ్ల గురించి మాత్రం నాకు బాధ ఎక్కువ. వాళ్లు అడగరు. తమ్ముడికి ఇలా ఉంది కాబట్టి నేను గొడవ చేయకూడదు అని ఏడేళ్ల పిల్ల తనంతట తనే నిర్ణయించేసుకుంటుంది. వాళ్లకి జబ్బు గురించి వాళ్ల వయసుకి తగ్గట్టు నిజం చెప్పండి, అది అంటుకునేది కాదని, తను ఏదో అనడం వల్ల రాలేదని చెప్పండి, పిల్లలు నిజంగానే అలా అనుకుంటారు. తోడబుట్టినవాళ్లకే ప్రత్యేకంగా ఆటలతో కలిపి సమావేశాలు పెట్టే పద్ధతి కొన్ని దేశాల్లో ఎప్పటి నుంచో ఉంది, మీ గ్రూపులోనూ రెండు మూడు నెలలకోసారి పెట్టొచ్చు.

పరిశోధన అంటే మా పిల్లల మీద ప్రయోగాలు చేయడమేగా?

ఈ అనుమానం ఊరికే పుట్టింది కాదు, అందుకే దాన్ని కొట్టిపారేయను. న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ అనే ప్రభుత్వ సంస్థలో, మానసిక వైకల్యం ఉన్న పిల్లలకి 1950ల నుంచి 1970ల మొదటి వరకు కావాలనే హెపటైటిస్ ఎక్కించి జబ్బు ఎలా ముదురుతుందో చూశారు. ఎలాగూ ఆ సంస్థలో ఉన్న పిల్లలందరికీ అది అంటుకుంటోంది కదా అన్నది వాళ్లు చెప్పిన సాకు. తల్లిదండ్రుల సంతకాలు కూడా ఉన్నాయి. కానీ ఒక దశలో కిక్కిరిసిపోయి మామూలు చేర్చుకోవడం ఆపేసి, పరిశోధన వార్డులో మాత్రం చోటుందని చెప్పారు. బిడ్డని ఇంట్లో చూసుకోలేని స్థితిలో ఉన్న తల్లి ఆ కాగితం మీద సంతకం పెట్టక ఏం చేస్తుంది? దాన్ని సమ్మతి అనగలమా?

ఇలాంటివి ఒక్కొక్కటిగా బయటపడే కొద్దీ నియమాలు బిగుస్తూ వచ్చాయి. పరిశోధకులు పాటించాల్సిన నీతి గురించి 1964లో హెల్సింకీ ప్రకటన వచ్చింది, తర్వాత దాన్ని చాలాసార్లు సవరించారు. వైకల్యం ఉన్నవారి హక్కులపై 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికలో పదిహేనో అధికరణం, మనిషి స్వేచ్ఛగా ఒప్పుకోకుండా అతని మీద వైద్య ప్రయోగాలు చేయకూడదని సూటిగా చెబుతుంది. ఈరోజు పిల్లల మీద జరిగే ఏ పరిశోధననైనా ముందుగా ఒక ఎథిక్స్ కమిటీ చూసి ఒప్పుకోవాలి, పరిశోధకులతో సంబంధం లేనివాళ్లు అందులో ఉండాలి.

ఇక పరిశోధనలన్నీ మందులవి కావు. ప్రశ్నలు అడిగి రాసుకునేవి, ఆటలు గమనించేవి, నడకని కెమెరాలతో కొలిచేవి, ఉమ్ము నుంచి డీఎన్‌ఏ తీసుకునేవి, కొత్త రకం కుర్చీనో మాట్లాడే యాప్‌నో వాడి చూసేవి, తల్లిదండ్రులకి శిక్షణ ఇచ్చి ఫలితం చూసేవి, ఇలా చాలా ఉంటాయి. మందుల ట్రయల్, అంటే మందు పనిచేస్తుందో లేదో పరీక్షించి చూడటం, అందులో ఒక భాగం మాత్రమే.

ట్రయల్‌లో చేరితే కొత్త వైద్యం దొరికినట్టేనా?

కాదు. ఈ ఒక్క ముక్క బాగా గుర్తుపెట్టుకోండి. వైద్యం మీ బిడ్డ కోసం జరుగుతుంది, పరిశోధన ఒక ప్రశ్నకి జవాబు కోసం జరుగుతుంది. రెండూ ఒకే గదిలో, తెల్ల కోటు వేసుకున్న ఒకే మనిషి చేతుల మీదుగా జరగడంతో మనకి తేడా తెలియదు. చాలా ట్రయల్స్‌లో పిల్లల్ని చీటీలు తీసినట్టుగా రెండు గుంపులు చేస్తారు, ఒక గుంపుకి మందు, ఇంకో గుంపుకి మందులా కనిపించే ఉత్తుత్తి మందు, దాన్నే ప్లాసిబో అంటారు. ఎవరికి ఏది వచ్చిందో తల్లిదండ్రులకీ తెలియదు, చాలాసార్లు పరీక్షించే డాక్టరుకీ తెలియదు.

ఇంత కఠినంగా ఉండటం ఎందుకు అని మనకి అనిపిస్తుంది. సెక్రెటిన్ కథ వింటే అర్థమవుతుంది. జీర్ణానికి సంబంధించిన ఈ హార్మోన్ ఇచ్చాక ముగ్గురు ఆటిజం పిల్లల్లో మార్పు కనిపించిందని 1998లో ఒక నివేదిక వచ్చింది. వేలమంది తల్లిదండ్రులు దాని కోసం పరుగెత్తారు. రెండేళ్లు తిరక్కుండా 60 మంది పిల్లలతో సరైన ట్రయల్ చేసి చూస్తే, సెక్రెటిన్ ఇచ్చిన పిల్లలూ మెరుగయ్యారు, ఉప్పునీళ్ల సూది వేసిన పిల్లలూ అంతే మెరుగయ్యారు. అంటే కనిపించిన మార్పు మందుది కాదు. పిల్లలు ఎలాగూ ఎదుగుతారు, మన ఆశ మన కళ్లతో చూస్తుంది. ప్లాసిబో గుంపు లేకపోయి ఉంటే ఈరోజుకీ మనం ఆ సూదులు వేయిస్తూనే ఉండేవాళ్లం.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. వెన్నెముక కండరాల క్షీణత, అంటే ఎస్‌ఎంఏ ఉన్న పసిపిల్లల్లో నుసినర్సెన్ అనే మందుని పరీక్షించినప్పుడు కొందరికి వెన్నులో మందు ఎక్కించారు, మిగతావారికి వీపు మీద చిన్న సూది గుచ్చి ప్లాస్టర్ వేశారు. మందు పనిచేస్తోందని మధ్యలోనే స్పష్టంగా తేలడంతో 2016లో ట్రయల్‌ని ముందే ఆపి, ఉత్తుత్తి సూది వచ్చిన పిల్లలకి కూడా మందు అందే ఏర్పాటు చేశారు. ఆ డిసెంబరులోనే అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. వీపు మీద ప్లాస్టర్ మాత్రమే దొరికిన ఆ పిల్లల తల్లిదండ్రుల గురించి నేను తరచూ ఆలోచిస్తాను. తర్వాత పుట్టిన ఎస్‌ఎంఏ పిల్లలందరి వెనకా వాళ్లున్నారు.

సమ్మతి పత్రం ఇరవై పేజీలుంది. ఏం చూడాలి?

ముందు ఇంటికి తెచ్చుకోండి. అక్కడికక్కడే సంతకం పెట్టమంటే, తొందరపెడితే, ఆ తొందరే మీకు జవాబు. నిజమైన పరిశోధకులు చదువుకుని రండి అంటారు. గ్రూపులో ఇంకొకరితో కలిసి చదవండి, ఒకరికి కనిపించనిది రెండోవాళ్లకి కనిపిస్తుంది. నేనైతే పెన్సిలు పట్టుకుని, అర్థం కాని ప్రతి వాక్యం కింద గీత పెడతాను, తర్వాత వాళ్ల ముందు కూర్చుని ఒక్కో గీతా చెప్పించుకుంటాను. విసుక్కుంటే లేచి వచ్చేయడమే.

నేను తప్పకుండా అడిగేవి ఇవి. మా బాబుకి నేరుగా ఉపయోగం ఉందా, లేక ముందు ముందు వేరే పిల్లలకా? ఇప్పుడు వాడుతున్న మందులు, థెరపీ ఆపాలా? ఎన్నిసార్లు రావాలి, ఎన్ని గంటలు, ప్రయాణం ఖర్చు ఎవరిది? రక్తం ఎన్నిసార్లు తీస్తారు, మత్తు ఇస్తారా? ఏదైనా తేడా జరిగితే వైద్యం ఎవరు చేయిస్తారు, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, అది కాగితం మీద ఉందా? అర్ధరాత్రి అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి? డబ్బు ఎవరు పెడుతున్నారు? మేం వద్దంటే ఇదే ఆసుపత్రిలో వాడికి జరిగే వైద్యం ఏమైనా మారుతుందా? చివరి ప్రశ్నకి మారదు అన్న మాట కాగితంలో కూడా ఉండాలి.

మేం వద్దన్న పరిశోధన ఇలాగే తేలింది. మెదడు స్కాన్ కోసం ఏడాదిన్నరలో మూడుసార్లు బాబుకి మత్తు ఇవ్వాల్సి ఉంటుంది. వాడికి దానివల్ల ఏమైనా లాభమా అని అడిగితే ఆ డాక్టరమ్మ నేరుగా లేదండీ అంది, వేరే పిల్లలకి ఎప్పటికైనా పనికొస్తుంది అంది. ఆవిడ నిజం చెప్పింది, మేం ఆలోచించుకుని వద్దన్నాం. ఆవిడ మీద గౌరవం పెరిగింది గానీ తగ్గలేదు.

మా వాడికి మాటలు రావు. వాడి ఇష్టం ఎలా అడగాలి?

అడగాలి, తల్లిదండ్రుల సంతకం ఒక్కటే సరిపోదు. చిన్న పిల్లలైనా, మేధో వైకల్యం ఉన్నవాళ్లైనా వాళ్లకి అర్థమయ్యే తీరులో చెప్పి వాళ్ల ఒప్పుకోలు కూడా తీసుకోవాలని మంచి పరిశోధనల్లో నియమం ఉంటుంది. ఇందాక చెప్పిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని ఏడో అధికరణం, వైకల్యం ఉన్న పిల్లలకి తమ అభిప్రాయం చెప్పుకునే హక్కు, చెప్పుకోవడానికి కావాల్సిన సాయం పొందే హక్కు రెండూ ఇచ్చింది.

మా బాబు నడకని కొలిచే పరిశోధనకి వెళ్లినప్పుడు కాళ్ల మీద అక్కడక్కడా మెరిసే చిన్న గోళీలు టేపుతో అంటించాలి, కెమెరాలు వాటినే చూస్తాయి. మొదటి గోళీ మోకాలి మీద పెట్టగానే వాడు కాలు వెనక్కి లాక్కున్నాడు. నేను పట్టుకోబోయాను. ఆ అమ్మాయి, ఇరవై అయిదేళ్లుంటాయేమో, వద్దాంటీ అని నన్ను ఆపి గోళీ తీసేసి వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని తిప్పి తిప్పి చూసి, నోట్లో పెట్టుకోబోయి, చివరికి ఆ అమ్మాయి మణికట్టు మీద అంటించాడు. తను చేయి అలాగే చాపి ఉంచింది. పది నిమిషాలు ఇదే ఆట. తర్వాత వాడే కాలు ముందుకి జరిపాడు. ఆ రోజు నుంచి నేను ఏ పరిశోధకుల దగ్గరికి వెళ్లినా మొదట చూసేది ఇదే, బిడ్డ కాలు వెనక్కి తీసుకుంటే వీళ్లేం చేస్తున్నారు అని.

మొహం తిప్పుకోవడం, ఒళ్లు బిగించడం, ఉన్నట్టుండి చప్పుడు ఆపేయడం, మీ బిడ్డ వద్దు అని ఎలా చెబుతాడో మీకే బాగా తెలుసు. దాన్ని ఒక కాగితం మీద రాసి పరిశోధకులకి ముందే ఇవ్వండి.

ఇది నిజమైన ట్రయలా, మోసమా? ఎలా గుర్తుపట్టాలి?

ఎవరైనా పరిశోధన అంటూ మీ దగ్గరే పెద్ద మొత్తం అడిగితే అక్కడే ఆగిపోండి. ఒకే వైద్యం ఆటిజానికీ, సెరిబ్రల్ పాల్సీకీ, కండరాల జబ్బుకీ, చూపుకీ పనిచేస్తుందంటే నమ్మకండి. వాళ్ల దగ్గర చూపించడానికి తల్లుల వీడియోలు తప్ప ఏమీ లేకపోయినా అంతే.

ట్రయల్స్ నమోదయ్యే బహిరంగ జాబితాలు ఉన్నాయి. అమెరికా ప్రభుత్వం నడిపే క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ 2000 నుంచి ఉంది, చాలా దేశాల జాబితాలని కలిపి వెతకడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పోర్టల్ నడుపుతోంది. నమోదు సంఖ్య అడిగి మీరే వెతికి చూడండి. అయితే జాగ్రత్త, జాబితాలో ఉన్నంత మాత్రాన ప్రభుత్వం మంచిదని ముద్ర వేసినట్టు కాదు. డబ్బులు తీసుకుని స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగలిగే మూలకణాలు) ఎక్కించేవాళ్లు కొందరు కూడా అందులో పేరు రాయించుకుని, దాన్నే సర్టిఫికెట్‌లా చూపిస్తున్నారు. ఎథిక్స్ కమిటీ ఏది, దాన్ని నేరుగా సంప్రదించడం ఎలా అని కూడా అడగండి.

స్టెమ్ సెల్స్ గురించి ప్రతి వారం ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఆటిజం ఉన్న 180 మంది పిల్లలకి స్టెమ్ సెల్స్ ఉండే బొడ్డుతాడు రక్తం ఎక్కించి ప్లాసిబోతో పోల్చిన ట్రయల్ ఫలితం 2020లో వచ్చింది. నలుగురితో కలిసే తీరు మెరుగవుతుందేమోనని ముఖ్యంగా అందుకే చూశారు, తేడా కనిపించలేదు. ఇంకా పరిశోధనలు జరగొచ్చు, జరగాలి కూడా, కానీ ఉన్న ఆస్తి అమ్మి వేయించాల్సిన వైద్యం మాత్రం అది కాదు.

ప్రమాదం డబ్బుతో పోయేది కూడా కాదు ఒక్కోసారి. ఒంట్లో లోహాలు తీసేస్తామని చెప్పి చేసే కీలేషన్‌లో అమెరికాలో 2005లో ఆటిజం ఉన్న అయిదేళ్ల బాబు రక్తంలో కాల్షియం పడిపోయి చనిపోయాడు. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న భయానికి మూలమైన 1998 నాటి వ్యాసం కేవలం 12 మంది పిల్లల గురించి రాసింది, అచ్చువేసిన పత్రికే దాన్ని 2010లో వెనక్కి తీసుకుంది. అయినా ఆ మాట ఈనాటికీ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. దయచేసి దాన్ని ముందుకి పంపకండి.

మా పాపది చాలా అరుదైన జబ్బు. ఎవరు పట్టించుకుంటారు?

ఎక్కువగా ఆడపిల్లలకి వచ్చే రెట్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బు ఎలా బయటపడిందో వినండి. 1954లో వియన్నాలో ఆండ్రియాస్ రెట్ అనే పిల్లల డాక్టరు తన వెయిటింగ్ రూములో ఇద్దరు ఆడపిల్లలు పక్కపక్కనే తల్లుల ఒళ్లో కూర్చుని ఉండగా చూశాడు. ఇద్దరూ చేతులు కడుక్కుంటున్నట్టుగా ఒకే తీరులో నలుపుకుంటున్నారు. వేరువేరు రోజుల్లో వచ్చి ఉంటే బహుశా ఆయన గమనించేవాడు కాదు. 1966లో రాసి ప్రచురించాడు, 1983 దాకా ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు, 1999లో కారణమైన జన్యువు దొరికింది, 2023లో ఆ జబ్బుకంటూ మొదటి మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. అది జబ్బుని పూర్తిగా నయం చేసేదేం కాదు, అయినా దారి అక్కడిదాకా వచ్చింది.

అరుదైన జబ్బుల్లో పెద్ద కష్టం పిల్లలు ఎక్కడెక్కడో ఒక్కొక్కరుగా ఉండటం. రిజిస్ట్రీ, అంటే ఒకే జబ్బు ఉన్నవాళ్ల వివరాలు ఒకచోట చేర్చే జాబితా, చేసే పని వాళ్లని కాగితం మీదైనా పక్కపక్కన కూర్చోబెట్టడం. మీ పాప పేరు, వయసు, జన్యు నివేదిక, ఏ వయసుకి ఏం చేయగలిగింది, ఏం పోయింది అన్నవి అందులో చేరతాయి. మందు లేకపోతే జబ్బు ఎలా సాగుతుందో ఇలా ముందుగా తెలిస్తేనే, రేపు మందు వచ్చినప్పుడు అది పనిచేస్తోందో లేదో చెప్పగలుగుతారు. ఇప్పుడే మందు లేదు కదా, చేరి ఏం లాభం అని చాలామంది వదిలేస్తారు. మందు వచ్చాక చేరదాం అనుకుంటే, చేరినవాళ్లు లేక ఆ మందే ఆలస్యమవుతుంది.

జన్యు పరీక్ష నివేదిక అసలు కాపీ దగ్గర పెట్టుకోండి, ఫలానా జబ్బు అని రాసిన చీటీ ఒక్కటే సరిపోదు.

మా సమాచారం, వీడియోలు, డీఎన్‌ఏ ఎవరి చేతుల్లోకి పోతాయి?

పేరు తీసేసి ఒక కోడ్ పెడతారు. కానీ అరుదైన జబ్బులో, ప్రపంచంలో ఉన్నదే కొద్దిమంది పిల్లలైనప్పుడు, పేరు తీసేసినా ఎవరో తెలిసిపోయే వీలుంటుంది, అది ముందే తెలుసుకుని ఒప్పుకోండి. డీఎన్‌ఏ మీ బిడ్డది ఒక్కరిదే కాదు, మీదీ, మీ తోబుట్టువులదీ కూడా. వెతకని విషయం ఏదైనా అందులో కనపడితే మాకు చెబుతారా, చెప్పొద్దంటే ఊరుకుంటారా, వేరే దేశానికో కంపెనీకో ఇస్తారా, బిడ్డ పెద్దయ్యాక తనే వద్దంటే తీసేస్తారా అని అడగండి. వీడియో అయితే మొహం కనపడాలా, ఎన్నేళ్లు దాస్తారు అని కూడా. మనం సరదాగా నెట్‌లో పెట్టే పిల్లల వీడియోల విషయంలోనూ ఇవే ప్రశ్నలు మనల్ని మనం అడుక్కుంటే బాగుంటుంది.

మధ్యలో మానేయొచ్చా?

మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. కానీ మందుని మాత్రం మీ అంతట మీరు టక్కున ఆపకండి, ముఖ్యంగా ఫిట్స్ మందులు, ఎలా తగ్గించాలో వాళ్లే చెప్పాలి. జన్యు చికిత్స సంగతి వేరు, ఒకసారి ఎక్కించాక వెనక్కి తీయడం ఉండదు. పైగా అందులో జన్యువుని ఒంట్లోకి మోసుకెళ్లడానికి వాడే వైరస్‌కి ఒంట్లో నిరోధకత పుడుతుంది కాబట్టి, తర్వాత అలాంటి ఇంకో చికిత్సకి అర్హత పోయే అవకాశం ఎక్కువ. దానికి ఒప్పుకునే ముందు రెట్టింపు సమయం తీసుకోండి.

ఇంట్లో నుంచే పాల్గొనే వీలుందా?

ఉంది. ప్రశ్నావళులు, ఫోన్ ఇంటర్వ్యూలు, పోస్టులో పంపే ఉమ్ము గొట్టాలు, బిడ్డ ఆడుకునే వీడియోలు, ఫిట్స్ డైరీ. డైరీ అయితే పరిశోధన ఉన్నా లేకపోయినా రాయండి: తేదీ, టైము, ఎన్ని నిమిషాలు, ముందు ఏం జరిగింది.

ఏం పరిశోధించాలో మనం చెప్పగలమా?

చెప్పగలం, చెప్పాం కూడా. బ్రిటన్‌లో జేమ్స్ లిండ్ అలయన్స్ పద్ధతిలో, నాడీ సంబంధ వైకల్యం ఉన్న పిల్లల విషయంలో తల్లిదండ్రులనీ, యువతనీ, వైద్యులనీ కూర్చోబెట్టి అసలు జవాబు లేని ప్రశ్నలేవో అడిగారు. ఆ జాబితా 2015లో ప్రచురించారు. పైవరసలో ఏముందో తెలుసా, థెరపీ ఏ వయసులో, ఎంత మోతాదులో ఇస్తే పనిచేస్తుంది అన్నది. మన ఇళ్లలో రోజూ నలిగే ప్రశ్న. మాటలు రాని పిల్లలకి సరైన పద్ధతి ఎంచుకోవడం ఎలా, తోటి పిల్లలు ఏడిపించకుండా కలుపుకునేలా ఎలా చేయాలి అన్నవి కూడా ఉన్నాయి. డుషెన్ కండరాల క్షీణత విషయంలో అయితే అమెరికాలో తల్లిదండ్రుల సంస్థే ముందుకొచ్చి, మందులు తయారుచేసేవాళ్లకి మార్గదర్శకాల ముసాయిదా రాసి 2014లో ఔషధ నియంత్రణ సంస్థకి ఇచ్చింది.

మా గ్రూపులో మేం ఒక నోట్‌బుక్ పెట్టాం. ఎవరికైనా ఏదైనా అంతుచిక్కకపోతే అందులో రాస్తాం. ఎప్పుడైనా పరిశోధకులు మాట్లాడతామని వస్తే ముందు ఆ నోట్‌బుక్ వాళ్ల చేతికిస్తాం. కొందరు ఫొటోలు తీసుకుని వెళ్లారు. ఒకరు మాత్రం ఏడాది తర్వాత తిరిగొచ్చి, మీరు రాసిన నిద్ర ప్రశ్న మీద పని మొదలుపెట్టాం, ప్రశ్నావళి సరిగ్గా ఉందో లేదో చూసి పెట్టండి అన్నారు. పన్నెండు ప్రశ్నలు కొట్టేశాం, నాలుగు కొత్తవి చేర్చాం.

ఫలితం మాకు చెబుతారా?

అడిగితే చెబుతారు, అడగకపోతే చాలాసార్లు మర్చిపోతారు. చేరే రోజే అడిగి రాయించుకోండి. పనిచేయలేదు అన్న ఫలితం కూడా మనకి కావాలి. మందు మా బిడ్డకి పనిచేస్తే ట్రయల్ అయ్యాక కూడా ఇస్తారా అన్నది ఇంకా ముఖ్యం.

మేం బాగా అలసిపోయాం. గ్రూపులకీ పరిశోధనలకీ ఓపిక లేదు. చేరకపోతే బిడ్డకి అన్యాయం చేసినట్టా?

కాదు. ముందు మీరు నిద్రపోండి. ఎవరైనా నమ్మకమైనవాళ్లు రెండు గంటలు బిడ్డని చూస్తామంటే, ఇల్లు సర్దడానికి కాకుండా పడుకోవడానికి వాడుకోండి. పరిశోధనలో చేరడం ఎవరి బాధ్యతా కాదు, అది ఇష్టమైతే ఇచ్చేది. గ్రూపుకి కూడా ఏదో ఒకటి చెప్పడానికే రావక్కర్లేదు. మా దగ్గర ఒకావిడ ఎనిమిది నెలలపాటు ప్రతిసారీ వచ్చి తలుపు పక్క కుర్చీలో కూర్చుని, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్లిపోయేది. ఎవరమూ ఏమీ అడగలేదు. తొమ్మిదో నెల ఒక కొత్త తల్లి స్ప్లింట్లు సంచీలో పట్టుకుని, బాబు వేసుకోనంటున్నాడని ఏడుస్తూ వచ్చింది. ఆవిడ లేచి వెళ్లి, బాబు మేజోడు తీసి, తిరగేసి తొడిగింది.